అగాఫ్యా పాడని చరణం

ప్రతి శనివారం ఆవిరిస్నానం అయ్యాక, తల తడి ఆరకముందే ముసలి అగాఫ్యా తైసియా ఇంటికి వచ్చేది. తైసియా తలుపు తీసి వెనక్కి తిరిగి నిలబడేది. అగాఫ్యా ఆమె జడను పైనుంచి కిందదాకా తడిమి, చివరనున్న ఎర్ర రిబ్బను ముడి లాగి చూసి, "గట్టిగానే ఉంది" అనేది. గ్లాసుడు టీ తాగి, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. ముడి గట్టిగా ఉన్నంతకాలం ఆమె కొడుకు యెఫీమ్ ఎక్కడో ఒకచోట బతికున్నట్టే.

మా వైపు కన్నెపిల్లకు ఒంటిజడ, ఇల్లాలికి రెండు జడలు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురు అప్పగింత పాట పాడుతుంది. ఆఖరి చరణం మాత్రం ఆమెది కాదు. దాన్ని పెళ్ళికొడుకు తల్లి పాడుతూ ఆ ఒంటిజడ విప్పుతుంది. తైసియా తన వంతు పాడిన రోజున, దుంగల తెప్పలతో నది దిగువకు వెళ్ళిన పెళ్ళికొడుకు యెఫీమ్ తిరిగి రావాల్సింది. దుంగలు మిల్లుకు చేరాయి గానీ మనిషి ఇల్లు చేరలేదు. శవమూ దొరకలేదు. కొడుకు గుమ్మంలోకి వచ్చేదాకా ఆ చరణానికి నోరు విప్పనంది అగాఫ్యా.

అది జరిగి ముప్పై ఏళ్ళు దాటినా తైసియా జడ అలాగే ఉండిపోయింది. ఎండుగడ్డి రంగులో నిగనిగలాడే పడుచుపిల్ల జడ, వెతికినా ఒక్క తెల్లవెంట్రుక కనపడదు. దువ్వెన దిగదు, కత్తెరకు తెగదు. ముఖం మాత్రం అందరి ముఖాల్లాగే ముడతలు పడింది. ఆటపాటలు జరిగే మా ఊరి క్లబ్బులో అకార్డియన్ వాయించే ప్రోహర్ ఒకప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. సగం పెళ్ళయినదాన్ని మళ్ళీ ఎలా చేసుకుంటావంది తైసియా. అతను ఇంకెవర్నీ చేసుకోలేదు, వోడ్కాను చేసుకున్నాడు. అగాఫ్యా ఆ చరణం పాడితే జడ విడిపోతుందని, విడిపోతే యెఫీమ్ ఇక లేనట్టేనని ఊరందరికీ తెలుసు. పాడమని అడిగే గుండె మాత్రం ఎవరికుంది?

ఆ ఏడు చలికాలంలో క్లబ్బు నడిపే రిమ్మా సవేల్యెవ్నా 'పాతకాలపు సాయంత్రం' అని ఒక వేడుక తలపెట్టింది. ఆమె పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మంచిదే, కాకపోతే కాళ్ళకింద నిప్పులు పోసుకున్నట్టు తిరుగుతుంది. జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు. కిందటేడు వాళ్ళు ఏ క్లబ్బుకు వెళ్ళినా అవే పాటలని విసుక్కున్నారట. ఈసారి అసలైన పాత పాట ఒక్కటైనా ఉండాలని ఆమె పట్టు.

పాటల ఎంపిక అంటే మా ముసలమ్మలతో తగువు పెట్టుకోవడమే. వసంతంలో వలయం కట్టి ఆడే పాట బాగుంటుందని రిమ్మా అంటే, మంచులో ఆ పాట పాడితే పైరు కుళ్ళిపోతుందన్నారు. కోతల పాట కొడవలి చేతిలో లేకుండా పాడకూడదన్నారు. క్రిస్మస్ పాటలకు ఇంకా రోజులు రాలేదు. ప్రోహర్ ఒక హుషారైన పాట వాయించి చూపిస్తే, అది రైలుస్టేషను హోటల్లో తాగుబోతులు పాడేదని మూతి ముడిచారు. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి, ఇక మిగిలింది అప్పగింత పాట. దాన్ని పూర్తి గొంతుతో పాడగలిగేది తైసియా ఒక్కతే.

"నాకు సగమే ఉంది" అంది తైసియా.

"సగం చాలు. మిగతాది ఉందని వాళ్ళకేం తెలుస్తుంది?" అంది రిమ్మా.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వేదిక మీద పెళ్ళికొడుకు తల్లి కూర్చునే బెంచీ ఖాళీగా ఉంటే అందంగా ఉండదని, నేరుగా అగాఫ్యా ఇంటికే వెళ్ళింది. ముసలామె చీపురు తిరగేస్తుందనుకున్నాం. ఆమె మాత్రం ఆ బెంచీ తనదే కదా, వస్తానంది.

వేడుకనాడు క్లబ్బు కిక్కిరిసిపోయింది. బడిపిల్లలు మూడు తీగల బాలలైకా వాయించారు. ప్రోహర్ తాగకుండా వచ్చి ఎప్పుడూ లేనంత బాగా వాయించాడు. జిల్లా పెద్దలు కాళ్ళతో తాళం వేశారు. తర్వాత తైసియా వచ్చి, బెంచీకి ఎదురుగా నిలబడి పాట ఎత్తుకుంది. అమ్మ ఇంటి గడపను, ఆడుకున్న వాకిలిని, ఒంటిజడను ఒక్కొక్కటిగా విడిచిపెట్టే పాట అది.

అన్నేళ్ళుగా అగాఫ్యా చూసింది ఆమె వీపును, జడను. ముఖంకేసి ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. దీపాల వెలుగులో ఆ ముఖం ఇప్పుడు ఎదురుగా ఉంది.

తైసియా తన వంతు అయ్యాక ఆగిపోయింది. తర్వాతి పాట మొదలెట్టమని రిమ్మా తెరచాటు నుంచి సైగ చేసింది. ప్రోహర్ అకార్డియన్ తెరవలేదు.

"ఎంత ముసలిదానివైపోయావే అమ్మాయీ" అంది అగాఫ్యా.

"ఎప్పుడో అయ్యాను, పిన్నీ."

"నేను చూసుకోలేదు."

అగాఫ్యా బెంచీ మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి, తైసియా వెనక్కి వెళ్ళి జడ చేతిలోకి తీసుకుంది. తలుపు తీశాం, దీపం పెట్టాం, మీ పిల్లను మా గడపలోకి పంపండి అనే ఆ ఆఖరి చరణం ఎత్తుకుంది. గొంతు అరిగిపోయింది, రాగం రెండుచోట్ల తప్పింది. కొడుకు పేరు చెప్పాల్సిన చోట ఆగి ఊపిరి తీసుకుంది. ఆ పేరు చెప్పడం ఆమెకు ఎంత కష్టమైందో వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా తెలిసింది. చెప్పింది. ఎర్ర రిబ్బను ముడి ఆమె వేళ్ళ మధ్య దానంతటదే జారిపోయింది. జడ పాయలు పాయలుగా విడిపోయింది, విడిన పాయ విడినట్టే నెరిసిపోయింది.

జిల్లా పెద్దలు లేచి చప్పట్లు కొట్టారు. మావాళ్ళూ లేచారు. మగవాళ్ళు చావింట్లోలా టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. అది చూసి పెద్దల చప్పట్లు ఆగిపోయాయి. ప్రోహర్ కళ్ళు తుడుచుకోలేదు.

అగాఫ్యా ఎవర్నీ పట్టించుకోలేదు. ఆ నెరిసిన జుట్టును రెండు పాయలుగా తీసి, రెండు జడలు అల్లి, తలచుట్టూ తిప్పి, ఇల్లాళ్ళు కట్టే తలరుమాలు కట్టింది. తొందరపడలేదు, ఒక్క వెంట్రుక కూడా బయటికి రానివ్వలేదు. ఆ తర్వాత తైసియా చెయ్యి పట్టుకుంది.

"పద కోడలా" అంది. "ఇంటికెళ్ళి వాడికోసం ఏడుద్దాం."