గెలిచిన జట్టు బ్లాకు

నేను పత్రికలో ఫొటో అచ్చువేసే ఒక జింకు బ్లాకును. అరచేతి వెడల్పు రేకు, దాని కింద మేకులతో బిగించిన చెక్క, అంతే నా శరీరం. నా మీద ఏడుగురు అమ్మాయిలు తెల్ల చీరల్లో, బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు పట్టుకుని నిలబడి ఉంటారు.

1964లో ఏలూరులోని ఒక వారపత్రిక నన్ను బెజవాడలో చేయించింది. ఆ ఏడాది మహిళా కళాశాల జట్టు జిల్లా పోటీల్లో గెలిచింది. ఆ వారం ముఖాలు ఎవరివో, కింద పేర్లూ వాళ్లవే. నేను నిజం చెప్పింది ఆ ఒక్క వారమే.

మరుసటి ఏడాది కూడా ఆ కాలేజీయే గెలిచింది. కొత్త ఫొటో బెజవాడ వెళ్లి బ్లాకై తిరిగొచ్చేసరికి పత్రిక రోజు దాటిపోతుంది. ఫోర్‌మన్ వీరరాఘవాచారి అరలోంచి నన్ను తీసి, "అదే కాలేజీ, అవే చీరలు. కింద పేర్లు మార్చండి, చాలు" అన్నాడు. ఎవరూ అడగలేదు. దాంతో అదే ఆనవాయితీ అయింది. తర్వాత కాలేజీకి ఫొటోగ్రాఫర్‌ని పంపడం కూడా మానేశారు. నా పక్కనుండే దుర్యోధనుడి బ్లాకు సంగతి మరీ అన్యాయం. ఏ కాలేజీవాళ్లు ఏ నాటకం వేసినా, అది గుమాస్తా కష్టాల మీదైనా సరే, గద భుజాన వేసుకుని అతనే అచ్చులోకి ఎక్కేవాడు. జనం పేర్లు చదువుతారు గానీ ముఖాలు చూడరని ఆచారి నమ్మకం.

1969లో ఒకరోజు సువార్త అనే అమ్మాయి ప్రెస్సుకు వచ్చింది. రెండేళ్ల కిందటి పత్రిక ముక్క ఆచారి ముందు పెట్టింది.

"ఇందులో కెప్టెనని నా పేరుందండి. నేను లేను."

డ్రిల్లు టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టుతో పాటు ఆ ముక్క కూడా చూపించిందట. ఫొటోలో ఆమె ముఖం కనబడకపోయేసరికి, "ఎవరి కాగితాలు పట్టుకొచ్చావమ్మా?" అన్నారట. సర్టిఫికెట్టు మీద కూడా అనుమానం వచ్చింది. రేపటిలోగా రుజువు చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"సవరణ వేస్తానమ్మా" అన్నాడు ఆచారి.

"మీ పేపరు వచ్చేది శనివారం కదండీ."

ఆచారి అరలోంచి నన్ను తీసి ఆ ముక్క పక్కన పెట్టి చూశాడు. నాకు సిగ్గేసింది. మర్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుని, నన్నూ నాలుగేళ్ల పత్రికలనూ సంచిలో వేసుకుని ఆమె వెంట వెళ్లాడు. ఇంటర్వ్యూ చేసిన ఆఫీసర్ల బల్ల మీద మమ్మల్ని వరసగా పరిచాడు. నాలుగు పత్రికల్లో నాలుగు రకాల పేర్లు, ముఖాలు మాత్రం అవే.

"తప్పు నాదండి. ఈ పిల్ల నిజంగానే ఆడింది" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. బయటికొచ్చాక సువార్త, "ఈ బ్లాకు నాకిచ్చెయ్యండి. ఇంకెవరి పేర్ల మీదా వెయ్యకండి" అంది. ఆచారి సంచిలోంచి తీసి ఇచ్చేశాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో ఆమె బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా కూర్చున్నాను. ఏటా ఎవరో ఒక పిల్ల నన్ను వెలుతురుకేసి తిప్పి, "ఇందులో మీరెవరండీ, టీచర్‌గారూ?" అని అడిగేది.

"నేను లేను. వీళ్లు మా సీనియర్లు" అనేది.

ఇప్పుడు ఆమె రిటైరైంది. నేను వాళ్లింట్లో కిటికీ గట్టు మీద ఉంటాను. వారానికోసారి పాత గుడ్డతో నన్ను తుడుస్తుంది. సువార్త బ్యాట్ పట్టుకున్న ఫొటో మాత్రం ఎక్కడా లేదు. తీయాల్సిన రోజున, నేనున్నాను కదా అని ఎవరూ తీయలేదు.