తొంభై రెండు కేజీల గోతం

పని ఒప్పుకున్న మంగళవారం పొద్దున అల్లుడి చేతిలో ఉన్నవి ఇవీ: పొడవాటి నూలుతాళ్ళు రెండు, ఇనుప స్టాండ్లు నాలుగు, ఒక టేపు, రెండు పగళ్ళు. వీటికి తోడు, ఏ సరుకునైనా చేత్తో ఎత్తి చూస్తే తప్ప నమ్మని బుర్ర. పాత కార్ల విడిభాగాలు కొని అమ్మే మనిషికి ఆ బుర్రే పెట్టుబడి.

మామ నలభై ఏళ్ళు ఇంటి పక్కనే కార్ల ముందు చక్రాలు సరిచేసే షెడ్డు నడిపాడు. ఇప్పుడు ముందుగదిలో మంచం పట్టాడు. గురువారం ఆస్పత్రిలో చేర్చాలి. ఆయన కూతుర్ని డాక్టరు పక్కకు పిలిచి మాట్లాడిన తీరు చూస్తే, ఆ ప్రయాణంలో తిరుగుదారి లేదని తేలిపోయింది. ముసలాయనకూ తెలుసు. అందుకే షరతు పెట్టాడు.

"నన్ను స్ట్రెచర్ ఎక్కిస్తే రాను. వీధి చివరిదాకా నా బండి నేనే నడుపుతా. తర్వాత నువ్వు తీసుకో. కానీ అది ఎడమకి లాగుతోంది. లాగే బండిలో నేను అడుగు పెట్టను. తిన్నగా నడిపించావా, ఇక బండి నీదే."

"నేనా మామయ్యా? ముక్కలమ్ముకునేవాణ్ణి."

"దిక్కులేక నిన్నడుగుతున్నా."

అరవై ఏళ్ళ నాటి బండి అది. పెళ్ళయిన పదకొండేళ్ళలో దాని తలుపు మీద అల్లుణ్ణి చెయ్యి వేయనివ్వలేదు. అల్లుడు లోపల లెక్క వేసుకున్నాడు. రెండు రోజుల కష్టానికి అంత బండి. బేరం బాగానే ఉంది. అలా లెక్క వేసుకున్నందుకు కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

షెడ్డులో మామకు ఒక పద్ధతి ఉండేది. ఖాళీ బండిని ఎప్పుడూ కొలిచేవాడు కాదు. నడిపే మనిషి బరువెంతో అడిగి, అంత ఇనుప తుక్కు గోతంలో నింపి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవాడు. ఆ బరువుకు స్ప్రింగులు కుంగాకే చక్రాలు సరిచూసేవాడు. తన బండి గోతం మూల ఉంది. దాని మీద సుద్దతో తొంభై రెండు అని తనే రాసుకున్నాడు.

అల్లుడు ఆ గోతాన్నే సీట్లో పెట్టాడు. బండికి రెండు పక్కలా తాళ్ళు లాగి కట్టి, చక్రాల అంచులు కొలిచి, వాటి వాలు సరిచేసే పలచటి రేకులు మార్చాడు. ఇంచుమించు అంతే బరువున్న తను నడిపి చూస్తే సూదిలా పోయింది. సాయంత్రం కూతురు తండ్రిని నడిపించి తెచ్చి కూర్చోబెట్టింది. పది గజాలు పోయేసరికి బండి ఎడమకు జరిగింది.

"నీ తాడు వంకరా, నీ చూపు వంకరా?" అన్నాడు మామ.

బుధవారం పొద్దున మళ్ళీ అదే పని, మళ్ళీ అదే వంకర. ఈసారి దిగడానికి ముసలాయన కాళ్ళు లేవలేదు. అల్లుడు రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తాడు. తుక్కు కొనే చేతులు కదా, అడక్కుండానే తూకం చెప్పేశాయి. నలభై ఎనిమిది. మహా అయితే యాభై.

మంచం మీద పడుకోబెట్టి వచ్చి, గోతం మూతి విప్పి ఇనుము బయటికి తీయడం మొదలుపెట్టాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

"అదేంటండీ, తీసేస్తున్నారు?"

"ఎక్కువైంది."

ఆమె గోతం వైపు చూసింది, బయట పెరుగుతున్న కుప్ప వైపు చూసింది. లోపలికి వెళ్ళి, తండ్రి గది కిటికీ మూసింది.

గురువారం పొద్దున మామ బండి నడిపాడు. వీధి మధ్యలో రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి గీత గీసినట్టు చివరిదాకా పోయింది. అక్కడ ఆపి, వెంటే నడిచొచ్చి తలుపు దగ్గర నిలబడ్డ అల్లుణ్ణి, ఎదురుగా రోడ్డునే చూస్తూ అడిగాడు.

"ఎంత పెట్టావు?"

"మీరు రాసుకున్నదే మామయ్యా. తొంభై రెండు."

ముసలాయన మణికట్టుకు వదులైపోయిన గడియారాన్ని పైకి జరుపుకున్నాడు.

"వ్యాపారం బాగానే నేర్చావు," అన్నాడు. "రా, నన్నా పక్కకి కూర్చోబెట్టు."

తొమ్మిదో రోజున ఆస్పత్రి నుంచి కబురొచ్చింది.

అల్లుడికి మిగిలినవి ఇవీ: అరవై ఏళ్ళ నాటి బండి ఒకటి, షెడ్డు గోడ పక్కన నలభై నాలుగు కేజీల తుక్కు. తను కూర్చుంటే బండి కుడికి లాగుతుంది. రేకులు మార్చడం గంట పని. ఇంకా మార్చలేదు.