పోపు లేని పప్పు

పోపు మాడింది. మిరపకాయల ఘాటుకు చంకలో పాప దగ్గుతుంటే, ముందుగదిలోంచి మా ఆయన నరేందర్ గొంతు వినిపించింది.

"లెక్కల మీద ధ్యాసుంటె పోపు మాడక ఏమైతది."

చాయ్ తాగుతున్న అతని జేఏసీ మిత్రులు నవ్వారు. కాబోయే భార్య యూనివర్సిటీలో లెక్కల మీద పరిశోధన చేస్తోందని ఒకప్పుడు ఊరంతా చెప్పుకు తిరిగింది ఇతనే. ఇప్పుడది ఇంటిపనులన్నీ తీరాక, పాప నిద్రపోతే, కరెంటుంటే చేసుకోవాల్సిన పని. తెలంగాణ కోసం చేస్తున్న సకల జనుల సమ్మెలో బడి, బస్సు, ఆఫీసు అన్నీ ఆగాయి. నా పొయ్యి మాత్రం ఆగలేదు.

నా పరిశోధన పెద్ద వింతేమీ కాదు. తట్టు లాంటి రోగం ఊళ్లో ఎట్లా పాకుతుంది, ఎంతమందికి టీకా వేస్తే ఆగుతుంది, ఇదంతా సమీకరణాల్లో రాయడం. టీకా వేసుకున్న పిల్లలు చుట్టూ ఉంటే రోగానికి తోవ దొరకదు. వాళ్ల మధ్యన టీకా లేని పసిగుడ్డు కూడా బతుకుతుంది. మా పాపకింకా తట్టు టీకా వేసే ఈడు రాలేదు. దానికి టీకా అంటే పక్కింటి పిల్లలే. ఈ సంగతి కాగితం మీద ఎన్నిసార్లు రాశానో. పాలిస్తూ దాని మాడు నిమిరినప్పుడు గుర్తొస్తే మాత్రం దాన్ని ఇంకాస్త దగ్గరకు పొదువుకునేదాన్ని.

ఆ వారమే పక్క తండాలో జమున కొడుక్కి తట్టు పోసింది. ఇంట్లో అమ్మతల్లి ఉందని ఆమె గుమ్మానికి వేపమండ కట్టింది. బస్సుల్లేక టీకాలు స్టేషన్ ఘన్‌పూర్ దవాఖానలోనే ఉండిపోయాయి. పోపు మాడిన మరునాడు అక్కడే రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. ఆడవాళ్లు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వండాలి, మగవాళ్లు మైకులో మాట్లాడాలి, అన్ని ఊళ్ల పిల్లలూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. రోగానికి అంతకన్నా మంచి పూట ఏ లెక్కలోనూ దొరకదు.

"నర్సు అండాలక్కను టీకాల డబ్బతోని అక్కడ్నే కూసోబెడ్దాం. మైకుల ఒక్కమాట చెప్పు," అని నరేందర్‌ను అడిగాను.

"తట్టని చెప్తె జనం నిలుస్తరా? ఎంత కష్టపడి కూడగట్టినం. నీ లెక్క నీ దగ్గర్నే ఉండనియ్యి విజయా."

మెత్తగానే అన్నాడు. అందుకే ఇంకా నొచ్చింది. నాకు తెలంగాణ వద్దని కాదు గదా. అది వచ్చేనాటికి నా బిడ్డ ఉండాలి.

సాయంత్రం మా అత్త పెంటమ్మ పాపకు నూనె రాస్తూ, "నీ లెక్క దేని గురించే?" అంది. ఈ ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. చెప్పాను. నూనె చెయ్యి పాప పొట్టమీదే ఆగిపోయింది.

"నా బిడ్డ భూదేవి గింతనే ఉండె. పెండ్లికి తోలుకపోయినం. వచ్చినంక తట్టు పోసింది. దక్కలే." పాప కాళ్లు రెండూ దగ్గరకు చేర్చి గుడ్డ కప్పాక, "మైకుల చెప్పనియ్యకుంటె ఏమాయె, పొయ్యికాడ చెప్దాం," అంది.

మరునాడు పప్పు ఉడికింది. అత్త నూనె డబ్బానే పీటగా చేసుకుని కూర్చుంది.

"ఏందత్తా, పోపుకు నూనె దాసుకున్నవా?" అని ఒకామె నవ్వింది.

అత్త వేపమండ ఒకటి తీసి పొయ్యిరాళ్ల సందులో గుచ్చింది. నవ్వు ఆగిపోయింది. తట్టు పోసిన ఇంట్లో పోపు పెట్టరని అక్కడున్న ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరి పిల్లల్ని వాళ్లు దగ్గరకు లాక్కున్నారు.

"ఎవలింట్ల?" అని ఒకామె అత్తనడిగింది.

"ఎవలింట్లయితేంది. అగో అండాలు కూసున్నది. సూది ఏపిచ్చి బంతికి తోలుండ్రి."

పొద్దున్నే నేను అడిగితే అండాలక్క ఆగిన లారీ నీడన టీకాల డబ్బాతో వచ్చి కూర్చుని ఉంది. గంజి వార్చేవాళ్లు వారుస్తూనే ఉన్నారు, మిగతా వాళ్లు పిల్లల్తో వరసకట్టారు. ఒక్కరూ ఇంటికి పోలేదు.

నరేందర్ విస్తరితో వచ్చాడు. "అవ్వా, పప్పుల పోపేది?"

"పొద్దటి సంది మైకుల మనదంత ఒక్కటే ఇల్లని చెప్తున్నవు గద బిడ్డా. ఆ ఇంట్ల తల్లి ఉన్నది. పోపెట్ల పెడ్తం?"

అతను వరస వైపు చూశాడు. నా చంకలోని పాప వైపు చూశాడు. విస్తరి కింద పెట్టి పోయి మైకు అందుకున్నాడు. "అక్కలారా, నర్సమ్మ దగ్గర లైను తప్పొద్దు, పిల్లలందరికి సూది ఏపియ్యాలె," అన్నాడు, ఆ ఆలోచన తనదే అయినట్టు. అత్త నా మోకాలు గిల్లి, "అననియ్యి," అంది.

జమున వేపమండ తీసేదాకా అత్త మా ఇంట్లోనూ పోపు పెట్టనివ్వలేదు. పాప ఒంటిని నేను రోజూ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాను. దాని చర్మం నున్నగానే ఉంది. తండా దాటి తట్టు మా ఊళ్లోకి రాలేదు.

జమున మండ తీసిన పొద్దున నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పాప అత్త ఒళ్లో ఉంది. నరేందర్ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇగ పోపు పెట్టొచ్చు గద," అన్నాడు.

నేను తల ఎత్తలేదు.

"పోపుల డబ్బ గూట్లె ఉన్నది. సన్నమంట మీద పెట్టు, పాప దగ్గుతది."