కంఠతా వచ్చిన పాఠం

ఆ సంగతి కరుణ టీచరుకు ఫ్యాను వల్ల తెలిసింది. మూడో తరగతిలో గీతాంజలి నిలబడి కుందేలు పాఠం గడగడా చదువుతోంది. గాలికి పేజీ తిరగబడి ఎడ్లబండి బొమ్మ పైకి వచ్చింది. పిల్ల చూపు ఆ బండి మీదే ఉంది, నోరు మాత్రం కుందేలు కథే చెప్పుకుపోతోంది. ఎక్కడా తడబడలేదు.

తప్పు పట్టకుండానే కూర్చోమంది కరుణ. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఆమె ఈ ఊరి బడికి రావడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. వచ్చిన రోజే గీతాంజలి గురించి చెప్పారు. బడికి ఎవరొచ్చినా హెడ్మాస్టరు రాజరత్నం ముందుగా ఆ పిల్లనే లేపుతాడు. ఇంట్లో వాళ్ల అవ్వ ఉమామహేశ్వరమ్మ చుట్టాల ముందు కూర్చోబెట్టి చదివిస్తుంది. తరతరాలుగా సేద్యం చేస్తున్న ఇల్లు, ఊళ్లో మాట చెల్లే మనిషి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరుణ గీతాంజలిని దగ్గర కూర్చోబెట్టుకుని, బొమ్మను చేత్తో మూసి, కింది ముక్క చదవమంది. పిల్ల మొహం తెల్లబోయింది. అక్షరాలు విడివిడిగా వస్తాయి, కలిపితే రావు. ఎవరైనా చదువుతుంటే ఒకటి రెండుసార్లు విని పట్టేయడం, బొమ్మను బట్టి అప్పజెప్పడం, ఇన్నాళ్లూ జరిగింది అదే.

రాజరత్నంతో చెబితే ఆయన ఇబ్బందిగా నవ్వాడు. చదవడం రానివాళ్లు ఇంతమంది ఉండగా వచ్చిన పిల్లను కదిలించడం ఎందుకన్నాడు.

కరుణ ఊరుకోలేకపోయింది. రోజూ మధ్యాహ్నం గుణింతాలు, ఒత్తులు, చిన్న చిన్న మాటలు. గీతాంజలి మొదట ఏడ్చింది. తర్వాత తరగతిలో నోరు తెరవడమే మానేసింది. లేపితే తల వంచుకుని నిలబడేది. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కరుణకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. బాగున్న పిల్లను తానే పాడుచేసిందా? ఎవరడిగారని? మరునాడు చెప్పడం ఆపేద్దామనుకునేది. మధ్యాహ్నం కాగానే మళ్లీ పిలిచేది.

చివరికి ఉమామహేశ్వరమ్మే బడికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏం టీచరమ్మా, నువ్వొచ్చినాక మా పిల్లకు ఉన్న సదువు గూడా పాయె. నిన్న మావోళ్ల ముందర కూడబలుక్కుంటా ఉంటే నాకు తల కొట్టేసినట్లయింది."

"ఇంతకుముందు చదవలేదవ్వా. విని చెప్పింది. ఇప్పుడే చదువుతాంది" అంది కరుణ.

ముసలామె మనవరాలి వైపు తిరిగింది. "నిజమేనా మే?"

గీతాంజలి తల ఊపింది. "అప్పుడు బొమ్మ జూసి చెప్తాంటి అవ్వా. ఇప్పుడు అచ్చరాలు జూసి చెప్తాండా. అందుకే లేటైతాంది."

ఉమామహేశ్వరమ్మ పిల్ల రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఆళ్లగడ్డలో ప్రైవేటు స్కూల్లో వేసేస్తారని రాజరత్నం గొణిగాడు. ఆ సాయంత్రం కరుణ దిగాల్సిన స్టాపు దాటిపోయి నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

మరునాడు గీతాంజలి ఆలస్యంగా వచ్చింది. సంచి పెట్టకుండానే టీచరు దగ్గరికి నడిచింది.

"టీచర్, మా గోడ మీద 'ఇచ్చట బోర్లు వేయబడును' అని ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉందంట. నాకు తెలీదు."

ప్రకటన రాసుకోడానికి బోర్లవాళ్లు గోడ అడిగిన రోజే, అందులో ఏం రాస్తారో చదవడం రాని అవ్వకు చెప్పారట. ఇంట్లో ఎవరూ ఆ పిల్లకు చెప్పలేదు. నిన్న బడి నుంచి పోతూనే అవ్వ వీధిలో గోడ ముందు నిలబెట్టి చదవమంది. చీకటి పడుతున్నా కదలనివ్వలేదు. 'చ్చ' దగ్గర ఆగిపోతే దారిన పోయేవాళ్లు నవ్వారు. అయినా అవ్వ పిల్లను ఇంట్లోకి పోనివ్వలేదు.

"చదివినాక ఏమనింది?"

"ఏమనలా. ఇంకో గోడ చూపిచ్చింది."

కరుణకు నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పిల్ల తల నిమిరి పంపింది. ఈలోగా తరగతి అంతా ఒక్క గొంతుతో కొత్త పాఠం ఎత్తుకుంది. ఎంత చక్కగా, ఎంత కలిసికట్టుగా ఉందో. ఇందులో చదువుతున్నదెవరు, వింటూ పలుకుతున్నదెవరు? ఆమె వరుసగా మొహాలు చూస్తూ బెంచీల మధ్యకు నడిచి, అందరికంటే గట్టిగా అంటున్న అనిత పక్కన కూర్చుంది.