అద్దంలో వార్తలు

నారాయణ గడ్డానికి నురగ పట్టిస్తూనే ఇస్తారి రిమోటు నొక్కాడు. శామీర్‌పేట రోడ్డు పక్కన అతని సెలూన్లో కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ల పార్టీ చానెలే నడుస్తుంది. టీవీ గుమ్మం పైన ఉంటుంది, అద్దం దానికెదురుగా వెనక గోడకు. గిరాకీలు వార్తలన్నీ అద్దంలోనే చూస్తారు. అడుగున పరుగెత్తే అక్షరాలను తిరగేసి చదవడం ఇస్తారికి ఏనాడో వచ్చేసింది.

ఇవాళ వార్తల్లో ఈ రోడ్డే. రోడ్డు వెడల్పు కోసం ఈ వరస దుకాణాలను ఈరోజే కూల్చేస్తారట. నారాయణ చానెల్లో జేసీబీ రేకుల కప్పులను పీకి పారేస్తోంది. ఒక్క ఇటుక కూడా మిగలదని చెప్పి నారాయణ మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

తర్వాత కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి కాలనీలో స్థిరపడ్డ కృష్ణారావు కూర్చున్నాడు. చానెల్ మారింది. అందులో ఇదే రోడ్డు ప్రశాంతంగా ఉంది. కూల్చివేతలన్నీ వట్టి పుకారట.

"చూశావా, అంతా వాళ్ల గోలేనయ్యా. నువ్వు నిశ్చింతగా గీయి."

ఇస్తారిది సగం లెక్క. సభకు లక్షమంది వచ్చారని ఒకరు, ఎవరూ రాలేదని ఇంకొకరు చెబితే మధ్యలో ఎక్కడో ఆగి నమ్మేవాడు. పోయిన ఎండాకాలం ఒకే చానెల్ మాట పట్టుకుని దుకాణమంతా ఖాళీ చేశాడు. ఏ బండీ రాలేదు సరిగదా, విప్పుతుంటే పెద్ద అద్దం భళ్లున పగిలింది. అందుకే ఈసారి రెండు కుర్చీల్లో ఒకటే పొద్దున ఆటోకెక్కించి కౌకూర్‌లో కూతురింటికి పంపాడు.

కుర్చీకి తోడుగా వెళ్తూ అతని భార్య సాలమ్మ ఊరుకోలేదు. "సగం పంపుడేంది? పోతే అంత పోతది, ఉంటే అంత ఉంటది. టీవీని గాదు, బయట మనుషులను అడుగు."

"ఆళ్లు మనకు జెప్తరా?"

"అడిగినవా ఎన్నడన్న?"

కృష్ణారావు కుడి చెంప పూర్తయింది. ఎడమ చెంప మీద కత్తి పెట్టబోతూ ఇస్తారి అద్దంలోకి చూశాడు. ప్రశాంతమైన రోడ్డు పక్కన నీలం బోర్డు. తన సెలూన్ బోర్డే. గాలివానకు ఎగిరిపోతే రెండేళ్ల కిందట పసుపుది రాయించాడు.

అతను వెనక్కి తిరిగి టీవీని నేరుగా చూశాడు. సందేహం లేదు, పాత బొమ్మ. మరి నారాయణ చానెల్లో కూలిన దుకాణాలో? వాటి వెనక రైలు పట్టాలున్నాయి. ఈ వరస వెనక పట్టాలెక్కడివి?

కత్తి పట్టుకునే బయటికి నడిచాడు.

"ఏవయ్యా, సగం గీసి ఎక్కడికి?" అని కృష్ణారావు వెనక నుంచి అరుస్తున్నాడు.

మూలమలుపులో ఇంజన్ ఆపిన జేసీబీ ఉంది. నీడలో కూర్చున్న డ్రైవర్ టిఫిన్ డబ్బా మూసి చెప్పాడు. "ఎర్ర గీత సూడలేదా అన్న? గీతకు ముంగటిదే తీస్తం. ఇగ వచ్చుడే, సామాన్ జల్దీ తీసుకో."

ఇస్తారి పక్కగోడ దగ్గరికి పరుగెత్తాడు. ఆరేసిన తువ్వాలు లాగితే గీత బయటపడింది. సరిగ్గా దుకాణం నడిమధ్య నుంచి పోతోంది. సగమే. కానీ సగం దుకాణంలో ఏ గిరాకీ కూర్చుంటాడు?

లోపలికొచ్చి టీవీ ఆపాడు. కృష్ణారావు ఎడమ చెంపను తొందరపడకుండా, గాటు పడకుండా పూర్తి చేశాడు.

కబురు విని నారాయణ తిరిగొచ్చాడు. మిగిలిన కుర్చీని అతనూ కృష్ణారావూ చెరోపక్క పట్టుకుని, పిలిపించిన ఆటోలోకి ఎత్తారు. కూలుస్తారని తన చానెల్ ముందే చెప్పిందని ఒకడు, అంతా కూలదని తన చానెల్ చెప్పలేదా అని ఇంకొకడు. ఇస్తారి టీవీని దించాడు. దాన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త అద్దం విప్పడానికి మాత్రం చేయి రాలేదు.

సాయంత్రానికి ముందుగోడ, గుమ్మం, పసుపు బోర్డు నేలమట్టమయ్యాయి. రేపటి నుంచి కత్తుల సంచీ పట్టుకుని గడ్డాలు గీస్తూ ఇల్లిల్లూ తిరగాలి. ఆటో కౌకూర్ వైపు మళ్లింది.

మిగిలిన గోడ మీద, దుమ్ము పట్టిన అద్దంలో మేడ్చల్ బస్సొకటి తిరగబడిన అక్షరాలతో వెళ్లిపోయింది.