ఏనుగు ముందు రివర్సు

డ్రైవరమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపింది. ఆ ఇరవై రెండేళ్లూ అదే బస్సులో టికెట్లు కొట్టినవాడు ఆవిడ మొగుడు. ఇంట్లో ఆయన మాట ఎంతవరకు చెల్లేదో ఆ ఇంటి గోడలకే తెలియాలి గాని, బస్సులో మాత్రం ఆయన చెయ్యి చెప్పిందే వేదం. రేకు మీద ఒక్క దెబ్బ కొడితే బండి ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఇక రివర్సు తియ్యాలంటే ఆయన దిగి వెనక నిలబడాల్సిందే. ఒకప్పుడు వాళ్ల డిపోలోనే, వెనక మనిషి లేకుండా రివర్సు తీసిన బండి ఒక మెకానిక్కును గోడకేసి నొక్కేసింది. కండక్టరు ఆ మనిషిని తన చేతులతో మోశాడు. ఆ రోజు నుంచి ఆయనకు అదొక పట్టుదల. "నేను దిగకుండా నువ్వు వెనక్కి అంగుళం తీశావంటే ఊరుకోను" అనేవాడు. ఆవిడ కూడా ఎన్నడూ తియ్యలేదు.

ఇద్దరూ ఒకేసారి రిటైరయ్యారు. "ఊరందరినీ తిప్పాం, మనం మాత్రం పన్నెండు కిలోమీటర్లు దాటలేదు" అని ఆయనే పేచీ పెట్టి, సముద్రాల అవతల ఉన్న ఈ దేశానికి లాక్కొచ్చాడు. అద్దెకు ఒక క్యాంపర్‌వ్యాను తీసుకున్నారు. లోపల రెండు పడకలు, పొయ్యి, చిన్న సింకు, వెనక ఒక తలుపు. తొమ్మిది రోజుల్లో జిరాఫీలను చూశారు, చారల గుర్రాలను చూశారు, నదిలో నీటిగుర్రాలు ఆవలిస్తుంటే చూశారు. ఒక కోతి కిటికీలో చెయ్యి పెట్టి కండక్టరు టోపీ లాక్కుపోయింది. "దాన్ని కూడా టికెట్టు అడిగారా ఏమిటి?" అని డ్రైవరమ్మ రెండు రోజులు నవ్వింది.

పదో రోజు పొద్దున అడవి గేటు దగ్గర గార్డు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బండి దిగొద్దు. ఏనుగు ఎదురైతే హారను కొట్టొద్దు. నెమ్మదిగా వెనక్కి పోండి. కండక్టరు బుద్ధిగా తలాడించాడు. అంత బుద్ధిగా తలాడించినప్పుడే ఆవిడకు అనుమానం రావాల్సింది.

ఎండ ఎక్కేసరికి దారి ఇరుకైంది. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద ఏనుగు. ఒంటరి ఆడ ఏనుగు, చెవులు చేటల్లా విప్పి ఇటే చూస్తోంది. డ్రైవరమ్మ బ్రేకు వేసింది.

"ఏమండీ, చప్పుడు చెయ్యకండి. రివర్సు తీస్తున్నా" అంది మెల్లగా.

ఆయన వెనక బెంచీ మీద కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. వెనక తలుపు టక్కుమంది. ఆవిడ తల తిప్పి చూసేసరికి బెంచీ ఖాళీ. రొట్టె ఉంది, మనిషి లేడు. ఏమనాలండీ ఆ మనిషిని! రివర్సు అన్న మాట చెవిన పడగానే బుర్ర కంటే ముందు కాళ్లు దిగిపోయాయి.

వెనక రేకు మీద దెబ్బ పడింది. రెండు. ఇరవై రెండేళ్ల అలవాటు ఆవిడ కాలిది కూడా. బండి రెండు గజాలు వెనక్కి పోయింది. అంతలో ఒక్క దెబ్బ. ఆపేసింది.

పక్క అద్దంలో చూసింది. బండి వెనక పొదల్లోంచి గున్న ఏనుగు ఒకటి రోడ్డెక్కింది, బర్రెదూడంత ఉంది. ముందు తల్లి, వెనక పిల్ల, నడుమ వీళ్ల బండి. రెండు అద్దాల్లోనూ కండక్టరు కనబడలేదు.

తల్లి ఏనుగు అడవి అదిరేలా ఘీంకరించి ముందుకొచ్చింది. గున్న బెదిరి బండ పక్కకు ఒదిగిపోయింది. వెనక దారి ఖాళీ. అప్పుడు మళ్లీ రెండు దెబ్బలు. ఈసారి వెనక నుంచి కాదు, సరిగ్గా ఆవిడ పాదాల కింద నుంచి.

బండి కిందకు దూరాడు! తప్పించుకోవడానికి ఇంకెక్కడా చోటు లేక కిందకు దూరి, అక్కణ్ణుంచి పొమ్మంటున్నాడు. నిలువుగా పడుకున్నాడో, అడ్డంగా పడుకున్నాడో! మలుపులో వెనక్కి తీస్తే చక్రం ఏ పక్కకు తిరుగుతుందో ఆవిడకు బాగా తెలుసు. చక్రం కింద ఏముంటుందో తెలియదు.

మళ్లీ రెండు దెబ్బలు, ఇంకా గట్టిగా. "పోనీవే!"

ఆవిడ ఇంజను ఆపేసింది. హ్యాండ్‌బ్రేకు చివరిదాకా లాగింది. అది చాలదని రెండు కాళ్లూ బ్రేకు మీద వేసి, వీపు సీటుకు ఆనించి తొక్కిపట్టింది.

ఏనుగు నుదురు ముందు రేకుకు ఆనింది. ముందద్దం నిండా బూడిదరంగు చర్మం, ఒక కన్ను. బండి మూలిగింది. అల్మరాలోంచి పళ్లాలు భళ్లున రాలాయి. టైర్లు కంకర మీద జరుగుతున్నాయి, వేలెడు, ఇంకో వేలెడు. కింద నుంచి "అమ్మా" అని కేక. "ఒద్దు తల్లీ, ఒద్దు, నీ పిల్ల అక్కడే ఉంది, చూడు" అని డ్రైవరమ్మ ఏనుగును బతిమాలింది. ఏ దేశపు ఏనుగుకు ఏ భాష వస్తుందో అప్పుడెవరికి పట్టింది?

గున్న కీచుమంది. బండకూ బండికీ మధ్యనున్న సందులోంచి రేకుకు రాసుకుంటూ వచ్చి తల్లి పొట్ట కిందకు చేరింది. తల్లి తోయడం ఆపింది. తొండంతో పిల్లను తల నుంచి తోక దాకా తడిమింది. కాసేపు అక్కడే నిలబడి, పిల్లను ముందుంచుకుని బండ పక్కగా దారెంట పైకి వెళ్లిపోయింది.

కండక్టరు పాకుతూ బయటికొచ్చాడు. చొక్కా చిరిగి మోచేతి నుంచి రక్తం కారుతోంది. చక్రం ఆయన భుజం దాకా వచ్చి ఆగింది. వస్తూనే తలుపు తీసి ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"చెవుడొచ్చిందా నీకు? డబుల్ కొట్టానా లేదా? దారి ఖాళీగా ఉంటే తియ్యవేం? అది ఇంకాస్త తోసుంటే నువ్వు లోయలో ఉండేదానివి!"

"ముందు నా కాళ్లు తియ్యండి" అందావిడ. "రావడం లేదు."

ఆయన కిందకు చూశాడు. రెండు పాదాలూ బ్రేకు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. వంగి, రెండు చేతులతో ఒక్కో పాదాన్నీ పట్టుకుని కిందకు దించాడు.

"నువ్వు బయటపడితే చాలనుకున్నానే" అన్నాడు, తల ఎత్తకుండా.

"బయటపడి? ఒక్కదాన్నే ఈ బండి ఎక్కడికి తోలుకుపోను?"

డ్రైవరమ్మ రెండు చేతులతో ఆయన చిరిగిన చొక్కా పట్టుకుని భోరుమంది.