తొమ్మిదో బిళ్ల

తొమ్మిదో పేరులో రెండక్షరాలు చెక్కడం అయ్యాక వెనక నుంచి ఎవరో అన్నారు. "అమ్మా, కాస్త ఆపండి. ఆ పేరు నాది."

రాయి చెక్కే ఆవిడ సుత్తి దించలేదు. నాలుగు దారుల కూడలిలో పనంటే ఇంతే. దారిన పోయే ప్రతివాడూ శిల్పే, సలహాలకు కరువుండదు. సాయంత్రం నాలుగింటికి ఈ స్మారకానికి తెర తీస్తారు. ఇప్పుడు పదిన్నర. ఇరవై రెండేళ్ల కిందట చమురు గిడ్డంగి మంటల్ని ఊరి మీదికి రాకుండా ఆపి, అందులోనే బూడిదైపోయిన తొమ్మిది మంది ఫైర్‌మన్ల పేర్లు ఈ నల్లరాతి మీద ఉండాలి. ఎనిమిది అయ్యాయి.

"ఇవి చనిపోయినవాళ్ల పేర్లు, పెద్దాయనా."

"తెలుసు తల్లీ. అదే నా ఇబ్బంది."

ఆమె వెనక్కి తిరిగింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచి. తాగినట్టు లేడు. మతి తప్పినట్టూ లేడు. అదే ఆమెను తికమకపెట్టింది. ఆయన సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. జాబితాలోని తొమ్మిదో పేరూ, కార్డు మీది పేరూ ఒకటే. ఇంటిపేరుతో సహా.

"మరి ఈ ఇరవై రెండేళ్లూ?"

"చచ్చిపోయే ఉన్నాను. నాలుగూళ్ల అవతల కలప అడితిలో కాపలా."

"చనిపోయారని ఎవరు రాశారు మరి?"

"ఎవరూ రాయలేదు. నా బిళ్ల రాసింది."

బిళ్ల సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఫైర్‌మన్ కూతురు. మంటలోకి వెళ్లేముందు జేబులోని ఇత్తడి బిళ్ల తీసి ఇంజిన్ పక్కనున్న బోర్డుకి తగిలించాలి, బయటికి రాగానే తీసేసుకోవాలి. దాని మీద నంబరే ఉంటుంది, పేరుండదు. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషి మిగల్లేదని. ఆ రోజు తొమ్మిది బిళ్లలు మిగిలాయి. ఆ ఇంజిన్లో వెళ్లిన తొమ్మిది మందిలో, జరిగింది చెప్పడానికి ఒక్కడూ తిరిగి రాలేదు.

ఆమె నాన్న బిళ్ల అందులో లేదు. పొద్దున డ్యూటీ దిగాడు, తర్వాత సైరన్ మోగినా రాలేదు, ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. 'పిలుపుకు రాలేదు, పరారీ' అని రిజిస్టర్లో రాసేశారు. ఊరు కూడా అదే రాసుకుంది. పెద్దయ్యాక ఆమె ఇంటిపేరు చెప్పడమే మానేసింది.

"నాది పదిహేడు," అన్నాడాయన. "డ్యూటీ ఎక్కానో లేదో, నా భార్యకి నొప్పులని కబురొచ్చింది. మా స్టేషన్లో పైవాళ్లకి తెలియని ఆనవాయితీ ఒకటుండేది. ఇంట్లో కాన్పున్నవాడి బిళ్ల, డ్యూటీ దిగిపోయేవాడు తీసుకుని వాడి బదులు ఉండిపోయి, తనది వాడికిచ్చి పంపేవాడు. హాజరు హాజరుకి పడేది, మనిషి ఆస్పత్రిలో ఉండేవాడు. పన్నెండింటికి నాకు కూతురు పుట్టింది. అప్పటికి అక్కడ గిడ్డంగి కూలిపోయింది."

"మరి చెప్పలేదేం?"

"సాయంత్రం వచ్చాను తల్లీ. బల్ల మీద నా ఫొటో, ముందు పూలు. పూటకోసారి నన్ను తిట్టే మా సారు దాని ముందు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. లోపలికెళ్లి ఏమనను? ముందు భయం వేసింది. తర్వాత సిగ్గు. తర్వాత అలవాటైపోయింది."

"మీ బిళ్ల ఎవరు తీసుకున్నారు?"

"మీసాలన్న అనేవాళ్లం." ఆ రోజు ఆయనిచ్చిన ఇత్తడి బిళ్ల సంచిలోంచి తీసి రాతి మీద పెట్టాడు.

నంబరు ఇరవై రెండు. అంచున చిన్న గంటు. ఏడేళ్లప్పుడు మేకుతో ఆ గంటు పెట్టింది తనే. దానికి వీపు విమానం మోత మోగింది కూడా.

ఆమె ఉలి పక్కన పెట్టింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఈయన మీదా? ఇన్నేళ్లూ నాన్నని తిట్టుకున్న తన మీదా? ఫోన్ తీసి అమ్మకి చేసింది.

"అమ్మా, నాన్న పారిపోలేదు."

"ఇన్నేళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదే కదే. పారిపోయేవాడు కళ్లజోడు కిటికీలో వదిలేసి పోతాడా? అది లేకపోతే పేపరు కూడా చదవలేడు ఆ మనిషి. చెప్తే నవ్వేదానివి. ఎవరు చెప్పారు?"

"తర్వాత చెప్తానమ్మా."

పెద్దాయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. "నువ్వు... మీసాలన్న కూతురివా?"

ఆమె జవాబు చెప్పేలోపు ఈ పని చూస్తున్న మునిసిపల్ ఇంజినీరు స్కూటరు దిగాడు. సంగతంతా విని నుదురు తుడుచుకున్నాడు. "పైనుంచి సంతకమై వచ్చిన జాబితా ఇది. కావాలంటే ఈయన పేరు తీసేయండి. ఎనిమిదితో సరిపెడదాం. కొత్త పేరంటే విచారణ జరగాలి."

"బోర్డు మీద మిగిలిన బిళ్లలు ఎన్ని సార్?" అంది ఆమె.

"తొమ్మిది."

"పదిహేడో బిళ్ల తగిలించిందెవరు? పన్నెండింటికి ఈయన ఆస్పత్రిలో ఉన్నాడు కదా."

పెద్దాయన మడతలు పడిన పుట్టుక కాగితం తీశాడు. తేదీ, వేళ, తండ్రి సంతకం, పక్కనే నర్సు సంతకం. "ఇదంతా నేను రాసిస్తాను, సంతకం పెడతాను. బతికున్నవాడి పేరు అలాగే ఉంచారనుకోండి, తెర తీసేటప్పుడు మొదటి వరసలో నిలబడతాను. రేపు పేపర్లో నా పక్కన మీ ఫొటో కూడా వస్తుంది."

ఇంజినీరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. రాతి మీది బిళ్లని వేలితో తాకాడు. "రాసివ్వండి," అన్నాడు చివరికి. "పైవాళ్ల తిట్లు నేను తింటాను. నాలుగింటికి మాత్రం తొమ్మిది ఉండాలి."

నల్లరాతి మీద చెక్కిన అక్షరం చెరగదు. ఆ వరస వరకూ రాతిని అరగదీయాల్సిందే. ఆమె గ్రైండరు ఆన్ చేసింది. రెండక్షరాలూ దుమ్మై లేచాయి. మిగతా పేర్లకంటే ఒక గోరు మందం లోతున, గుట్టల మధ్య పల్లంలా ఆ వరస మిగిలింది. అందులో నాన్న పేరు చెక్కడానికి ఉలి ఆనించింది. ఆ పేరు రాసి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

మూడున్నరకి చివరి అక్షరం అయింది. పెద్దాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు. "తిడితే వెళ్లిపోతాను."

ఆమె నోరు తెరిచింది. తిట్టు రాలేదు. పోనీ క్షమించానందామంటే అదీ రాలేదు. "మీ అమ్మాయికి తెలుసా?"

"తెలియదు. ఊరి నుంచి వస్తోంది. ఇవాళ చెప్పాలి."

దూరంగా కుర్చీలు వేస్తున్నారు. ఆమె రాతి మీద పేరుకున్న దుమ్ము వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"ఆ బకెట్ ఇలా అందించండి," అంది. "ముందు రాయి కడుగుదాం."